ఎండిన గాలికి ఎన్ని నీళ్లు?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే బాధ గురించి ఉన్నాయి. ముక్కు ఎండిపోతోంది, ఒళ్లు పొలుసులు లేస్తోంది, తలుపు పిడి ముట్టుకుంటే షాక్ కొడుతోంది, పట్టుచీర కాళ్లకి చుట్టుకుపోతోంది. అందుకని బేస్‌మెంట్ల గురించీ, కరెంటు బిల్లుల గురించీ రాసినవాళ్లు ఒక నెల ఆగాలి. ఈసారి మొత్తం గాలిలో తేమ గురించే.

ఇది రాస్తున్న పొద్దున అమెరికాలోని మినియాపోలిస్‌లో, అంటే నేనుండే ఊళ్లో, బయట మైనస్ 12 ఫారెన్‌హీట్, అంటే మైనస్ 24 సెల్సియస్. నా బల్ల మీదున్న తేమ మీటరు 22 శాతం చూపిస్తోంది. ఇంత చలిలో నా ఇంటికి అదే సరైన అంకె. ఎందుకో మూడో జవాబులో చెప్తాను.

కొత్తగా చదువుతున్నవాళ్ల కోసం ఒక్క మాట. నేను పుట్టి పెరిగింది భీమవరం. ఇక్కడ 22 చలికాలాలు చూశాను. ఇళ్లకి వెళ్లి గాలి ఎక్కడ కారుతోంది, వేడి ఎటు పోతోంది అని పరీక్ష చేసి చెప్పడం నా ఉద్యోగం. నా సంచీలో టేపు కన్నా ముందు తేమ మీటరు ఉంటుంది.

ప్ర: అమ్మాయీ, మాది తెనాలి. కూతురి పురుడికని నవంబరులో నేపర్‌విల్ వచ్చాను. మనవరాలికి రెండు నెలలు. వచ్చిన వారానికే నాకు కాళ్లూ చేతులూ తెల్లగా పొలుసులు లేచి దురద మొదలైంది. ఈ నెలలో మూడుసార్లు ముక్కులోంచి రక్తం వచ్చింది. పసిదానికి ముక్కు మూసుకుపోయి పాలు తాగలేకపోతోంది. వేడిగాలి వచ్చే కంత దగ్గర బేసిన్‌తో నీళ్లు పెడుతున్నాను, గుణం కనపడలేదు. అల్లుడు ఆవిరి మిషన్ కొంటానంటున్నాడు. అందులో రెండు కర్పూరం బిళ్లలు వేస్తే పసిదానికి మంచిదేనా? (ఒక అమ్మమ్మ)

జ: పిన్నిగారూ, ముందు కర్పూరం మాట. వేయకండి. రెండేళ్లలోపు పిల్లలకి కర్పూరం గాలిలోగానీ, ఒంటికి రాయడంగానీ, విక్స్‌గానీ, నీలగిరి తైలంగానీ ఏదీ వద్దు. కర్పూరం పసివాళ్ల ఒంట్లోకి వెళ్తే ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది. మన ఇళ్లల్లో తరతరాలుగా కొబ్బరినూనెలో కరిగించి ఛాతీకి రాసేవాళ్లమని నాకూ తెలుసు, మా నాయనమ్మ నాకు రాసింది. అయినా ఈ విషయంలో నా మాట వినండి. పాపకి ముక్కు మూసుకుపోతే పాలిచ్చే ముందు ఒక్కో ముక్కులో రెండు చుక్కలు సెలైన్ డ్రాప్స్ (ఉప్పునీటి చుక్కలు) వేసి, మెత్తబడ్డాక రబ్బరు బల్బుతో మెల్లగా లాగెయ్యాలి. రెండు నెలల పిల్ల పాలు తాగలేకపోతోందంటే ఆ మాట డాక్టరుకి కూడా చెప్పండి, ఫోన్ చేస్తే నర్సు మాట్లాడుతుంది.

ఇక మీ బేసిన్ ఎందుకు పనిచేయడం లేదో చెప్తాను. తెనాలిలో జనవరిలో కూడా ఒక ఘనపు మీటరు గాలిలో సుమారు 15 గ్రాముల నీరు ఉంటుంది. నేపర్‌విల్‌లో బయట మైనస్ 10 సెల్సియస్ ఉన్న రోజున అదే ఘనపు మీటరులో పట్టేది రెండు గ్రాముల చిల్లర మాత్రమే. చల్లటి గాలి నీటిని మోయలేదు. ఆ గాలి తలుపు సందుల్లోంచి, కిటికీ సందుల్లోంచి లోపలికి వస్తుంది, ఇల్లు వేడి చేసే యంత్రం, అంటే ఫర్నేస్, దాన్ని 22 డిగ్రీలకి వేడి చేస్తుంది. ఫర్నేస్ నీళ్లేమీ పీల్చేయదు. కాకపోతే 22 డిగ్రీల గాలి 19 గ్రాములు మోయగలదు, దాని దగ్గరున్నది రెండే. అంటే నూటికి పన్నెండు పాళ్లు కూడా నిండలేదు. మిగతా కరువు తీర్చుకోవడానికి అది దొరికినచోటల్లా నీరు లాగుతుంది. మీ చర్మంలోంచి, ముక్కు లోపలి పొరలోంచి, గుమ్మం చెక్కలోంచి.

మీ అమ్మాయి ఇల్లు 2000 చదరపు అడుగులనుకుందాం. దాన్ని 15 శాతం నుంచి 35 శాతానికి తేవడానికి నిజానికి రెండు లీటర్ల లోపు నీళ్లు చాలు. చిక్కేమిటంటే ఆ గాలి అక్కడే ఉండదు. మామూలు ఇంట్లో మూడు గంటలకోసారి గాలంతా మారిపోతుంది. పాతది బయటికి, ఎండినది లోపలికి. ఆ లెక్కన రోజుకి 14 లీటర్లు పోయాలి. మీ బేసిన్‌లోంచి రోజుకి ఆవిరయ్యేది మహా అయితే అర లీటరు. మీ ప్రయత్నం తప్పు కాదు, లెక్క చాలలేదు.

అందుకే మొత్తం ఇంటి జోలికి పోకుండా మీరూ పాపా పడుకునే గది ఒక్కటి చూసుకోండి. పన్నెండు అడుగుల గదికి రోజుకి రెండు మూడు లీటర్లు పోతే బాగా తేడా తెలుస్తుంది. దీనికి మిషన్ కొనేలోపు మీ చేతిలో ఒక ఉపాయం ఉంది. వాషింగ్ మిషన్‌లోంచి తీసిన బట్టల్లో, బాగా పిండినా, ఒక వాయికి రెండు లీటర్ల దాకా నీరు ఉంటుంది. ఆ నీటిని డ్రయ్యర్ బయటికి ఊదేస్తోంది. పాప బట్టలూ, మీ చీరలూ ఆ గదిలోనే స్టాండ్ మీద ఆరేయండి. తెనాలిలో డాబా మీద ఆరేసినట్టే. తెల్లారేసరికి బట్టలు ఆరిపోతాయి, గదిలో గాలి మెత్తబడుతుంది. స్నానం అయ్యాక బాత్‌రూమ్ తలుపు తీసి ఉంచడం కూడా మంచిదే. పొయ్యి మీద నీళ్ల గిన్నె మరిగించడం మాత్రం వద్దు. గ్యాస్ పొయ్యి అయితే ఆ పొగ పసిపిల్ల ఊపిరితిత్తులకి మంచిది కాదు, గిన్నె ఇంకిపోయి మాడిన ఇళ్లు నేను చూశాను.

అల్లుడుగారు మిషన్ కొంటే చల్లటి ఆవిరి ఇచ్చేది కొనమనండి. నీళ్లు మరిగించి ఆవిరి వదిలే రకం పెద్దవాళ్లకి పర్వాలేదుగానీ, పిల్లలున్న గదిలో వైరు లాగితే మీద పడుతుంది, కాలుతుంది. తొట్టెకి నాలుగైదు అడుగుల దూరంలో ఉండాలి, ఆవిరి దుప్పటి మీద పడి తడవకూడదు. దానితోపాటు పది పదిహేను డాలర్ల తేమ మీటరు ఒకటి తప్పకుండా తెప్పించండి. అది 30 నుంచి 40 మధ్య ఉంటే చాలు. ఎక్కువైతే వచ్చే తిప్పలు వేరే ఉన్నాయి.

మీ ముక్కుకి సెలైన్ జెల్ అని మందుల షాపులో దొరుకుతుంది. పొద్దున, రాత్రి పూట చిటికెన వేలితో లోపలి అంచుకి రాయండి. రక్తం వచ్చినప్పుడు తల వెనక్కి వాల్చకూడదు. ముందుకి వంగి కూర్చుని, ముక్కు మెత్తటి భాగాన్ని పది నిమిషాలు మధ్యలో వదలకుండా నొక్కి పట్టుకోండి. మీరు రక్తం పల్చబడే మాత్ర వాడుతుంటే, లేదా ఇరవై నిమిషాలకీ ఆగకపోతే డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిందే. ఒంటికి స్నానమయ్యాక తువ్వాలుతో అద్దుకుని, చెమ్మ ఆరకముందే కొబ్బరినూనె రాసుకోండి. నూనె పేరుకుపోయి ఉంటుంది కదా, సీసాని ముందే బకెట్ వేడినీళ్లలో పెట్టండి. సున్నిపిండి ఈ నాలుగు నెలలూ మానేయండి.

ప్ర: అక్కా, నేను కెనడాలోని కాల్గరీలో చదువుకుంటున్నాను. ముగ్గురం కలిసి ఉంటాం. అందరికీ గొంతు ఎండిపోతోందని గాలికి తేమ ఇచ్చే చిన్న మిషన్, హ్యుమిడిఫైయర్, కొన్నాం, పొగమంచులాగా వస్తుంది. వారంలో లాప్‌టాప్‌ల మీద, నల్ల బల్ల మీద తెల్లటి పొడి పేరుకుంది. తుడిస్తే పోతుంది, మళ్లీ వస్తుంది. ఇదేంటి? ఊపిరితిత్తుల్లోకి వెళ్తోందా? మా రూమ్మేట్ ట్యాంకులో డెట్టాల్ వేద్దామంటున్నాడు. (ఒక విద్యార్థి, సొంతూరు నల్గొండ జిల్లా)

జ: తమ్ముడూ, నల్గొండ బోరు నీళ్లతో గీజర్ కాయిల్‌కి పట్టే తెల్లటి పెళ్ల చూసే ఉంటావు. ఇదీ అదే. కాల్గరీ నీళ్లు రాకీ కొండల సున్నపురాళ్లని ఒరుసుకుంటూ వచ్చేవి, హార్డ్ వాటర్. మీరు కొన్నది అల్ట్రాసోనిక్ రకం. అడుగున చిన్న బిళ్ల అదిరిపోతూ నీటిని సన్నటి తుంపరగా చిమ్ముతుంది. మరిగించదు, ఆవిరి చేయదు, ఉన్న నీళ్లని ఉన్నట్టే గాలిలోకి విసురుతుంది. తుంపరలో నీరు ఆరిపోయాక అందులోని సున్నం పొడిగా మిగులుతుంది. బల్ల మీద పడేది కొంత, మీరు పీల్చేది కొంత.

దీనికి రెండు దారులు. ఆ మిషనే వాడాలంటే షాపులో దొరికే డిస్టిల్డ్ వాటర్ పోయండి. కాచి చల్లార్చిన నీళ్లు పనికిరావు, అందులో సున్నం పూర్తిగా పోదు. ముగ్గురు కుర్రాళ్లు రోజూ డబ్బాలు మోసుకొచ్చి పోయడం మహా అయితే నెల నడుస్తుంది. కాబట్టి నేనైతే దాన్ని పక్కన పెట్టి, ఒత్తి ఉన్న రకం కొంటాను. కాగితపు ఒత్తి నీటిని పీల్చుకుంటుంది, వెనక ఫ్యాన్ గాలి ఊదుతుంది. మన తాటాకు తడికలూ, వట్టివేళ్ల తెరలూ, ఎయిర్‌కూలర్ గడ్డీ చేసే పనే. సున్నం ఒత్తిలోనే ఆగిపోతుంది, గాలిలోకి నీరు మాత్రమే వెళ్తుంది. పంపు నీళ్లు పోసుకోవచ్చు. ఒత్తి గట్టిపడితే మార్చాలి. దీంట్లో ఇంకో మంచి గుణం, గాలి తడిసినకొద్దీ తనంతట తానే నెమ్మదిస్తుంది. పొగ కనపడదు కాబట్టి పనిచేయడం లేదనుకోవద్దు, ట్యాంకులో నీళ్లు తగ్గుతున్నాయా చూడండి చాలు.

డెట్టాల్ విషయం మాత్రం నవ్వి వదిలేసేది కాదు. దక్షిణ కొరియాలో 1994 నుంచి హ్యుమిడిఫైయర్ నీళ్లలో కలపడానికని క్రిమి సంహారక మందులు అమ్మారు. వాటి వల్ల ఊపిరితిత్తులు పాడై వందల మంది చనిపోయారు. పసిపిల్లలు, గర్భిణులు ఎక్కువగా ఉన్నారు. కారణం బయటపడింది 2011లో. ఆ మందు చర్మానికి తగిలితే పెద్దగా ఏమీ కాదు. తుంపరగా మారి రాత్రంతా ఊపిరితో లోపలికి వెళ్లడమే ప్రాణం తీసింది. అందుకే మిషన్‌లోకి నీళ్లు తప్ప ఏదీ వెళ్లకూడదు. డెట్టాల్ కాదు, సెంటు కాదు, జండూ బామ్ కూడా కాదు.

శుభ్రం చేసే పద్ధతి ఇది. రోజూ పొద్దున మిగిలిన నీళ్లు పారబోసి, ట్యాంకు మూత తీసి బోర్లించండి. మూడు రోజులకోసారి సగం వెనిగర్, సగం నీళ్లు పోసి అరగంట నానబెట్టి, పాత బ్రష్‌తో మూలల్లో రుద్ది రెండుసార్లు కడగండి. ట్యాంకు లోపల వేలు పెట్టి చూస్తే జిగురుగా తగిలితే అక్కడ క్రిములు కాపురం పెట్టాయన్నమాట. అలాంటి మిషన్ ఆన్ చేసే కన్నా ఎండిన గాలి పీల్చడం మేలు.

ప్ర: మేడమ్, మిస్సిసాగాలో కిందటేడు ఇల్లు కొన్నాం. పిల్లల ఎగ్జిమా (చర్మం ఎండి దురదపెట్టే జబ్బు) కోసం ఫర్నేస్‌కి బిగించిన హ్యుమిడిఫైయర్ 45 శాతం మీద పెట్టాను. పిల్లలకి కొంచెం నయం. కానీ రోజూ పొద్దున కిటికీల కింద నీళ్లు మడుగు కడుతున్నాయి, బాగా చలిగా ఉన్నప్పుడు అద్దం అంచున ఐస్ కడుతోంది. తువ్వాలు వేసి తుడుస్తున్నాను. ఇలా కొనసాగించవచ్చా? (ఒక తండ్రి)

జ: వద్దండీ. ఈ రోజే తగ్గించండి. ఇది పుస్తకంలో చదివి చెప్తున్న మాట కాదు.

2009లో మేం మొదటి ఇల్లు కొన్నప్పుడు మా అమ్మాయికి నాలుగేళ్లు, దానికీ ముక్కులోంచి రక్తం వచ్చేది. హ్యుమిడిఫైయర్ బిగించడానికి వచ్చినతను 45 మీద పెట్టి, ఇక ముట్టుకోనక్కర్లేదని చెప్పి వెళ్లాడు. అప్పటికి నేను ఈ పనిలో లేను, నమ్మాను. డిసెంబరంతా హాయిగా ఉంది. జనవరిలో కిటికీ గట్టు చెక్క నల్లబడింది. ఫిబ్రవరిలో ఒకరోజు అమ్మాయి గదిలో బట్టల అలమరా సర్దుతుంటే వెనక గోడ వేళ్లకి చల్లగా, చెమ్మగా తగిలింది. అది ఉత్తరం వైపు బయటి గోడ. దానికి ఆనించి ఒక అట్టపెట్టె ఉంది. అందులో నా పెళ్లి పట్టుచీర. పెట్టె తీస్తే అడుగు మెత్తగా ఊడి చేతిలోకి వచ్చింది. చీర అంచు మీద జానెడు పొడవున బూడిదరంగు బూజు చుక్కలు. జరీ నల్లబడిపోయింది. ఎంత ఉతికించినా ఆ వాసన పోలేదు. అప్పటిదాకా అమ్మాయి ఆ అలమరా తలుపు పక్కనే పడుకునేది. దానికి దగ్గు ఎందుకు తగ్గడం లేదో ఆ రోజు తెలిసింది.

జరిగిందేమిటంటే, చల్లటి చెంబు బయట చెమర్చినట్టే లోపలి తడిగాలి చల్లటి చోటు కనపడితే నీరై కూర్చుంటుంది. కిటికీ అద్దం అందరికీ కనపడుతుంది. అలమరా వెనక గోడ, సోఫా వెనక మూల, పైకప్పు మీది అటక ఎవరికీ కనపడవు. అటకలో అయితే మేకుల కొనల మీద మంచు పేరుకుని మార్చిలో ఒక్కసారిగా కరిగి కింద గదిలో కారుతుంది. కప్పు కారుతోందని పిలుస్తారు నన్ను. వెళ్లి చూస్తే కప్పు బాగానే ఉంటుంది.

అందుకే తేమకి ఒకే అంకె లేదు, బయటి చలిని బట్టి దించుకుంటూ పోవాలి. రెండు అద్దాల కిటికీలున్న మామూలు ఇంటికి నేను చెప్పేది ఇది. బయట మైనస్ 5 సెల్సియస్ దాకా 35 నుంచి 40 పెట్టుకోవచ్చు. మైనస్ 10 దాటితే 30. మైనస్ 18 దగ్గర 25. మైనస్ 25 వస్తే 20, మా ఇంట్లో ఈ రోజు దాదాపు అంతే. కొత్త రకం హ్యుమిడిస్టాట్‌లకి, అంటే తేమ అంకె పెట్టే మీటలకి, బయట గోడ మీద సెన్సర్ ఉంటుంది, అవే దించుకుంటాయి. మీది చేత్తో తిప్పేదైతే వాతావరణం చూసినప్పుడల్లా అదీ ఒకసారి చూసుకోండి. ముఖ్యంగా చలి రాబోయే ముందు రోజే దించాలి, చెక్కా గోడా వదలడానికి సమయం పడుతుంది.

అంకె కన్నా నమ్మకమైన గుర్తు మీ కిటికీయే. పొద్దున అద్దం కింది అంచున సన్నగా చెమ్మ కనపడి, తొమ్మిదింటికల్లా ఆరిపోతే పర్వాలేదు. నీరు కారిందంటే ఐదు దించండి. కర్టెన్లు రాత్రిపూట గట్టు దాకా మూసేస్తే అద్దం ఇంకా చల్లబడి ఎక్కువ చెమరుస్తుంది, కింద నాలుగు అంగుళాలు వదలండి. మీ ఇంట్లో హెచ్‌ఆర్‌వీ అని బేస్‌మెంట్‌లో గాలి మార్చే పెట్టె ఉందేమో చూడండి. ఉంటే కిటికీలు తడిసిన రోజుల్లో దాన్ని కొంచెం ఎక్కువసేపు తిప్పాలి.

పిల్లల ఎగ్జిమాకి పడుకునే ముందు గోరువెచ్చటి నీళ్ల స్నానం చేయించి, తడి ఆరకముందే చిక్కటి ఆయింట్‌మెంట్ పట్టించడం 45 శాతం తేమ కన్నా ఎక్కువ మేలు చేస్తుంది. పైగా 50 దాటితే పరుపుల్లో డస్ట్ మైట్స్ అనే కంటికి కనపడని పురుగులు పెరుగుతాయి, ఎగ్జిమా పిల్లలకి అవి బొత్తిగా పడవు.

ప్ర: మా ఫర్నేస్‌కి హ్యుమిడిఫైయర్ ఉంది. 40 మీద పెట్టినా మీటరు 16 దాటడం లేదు. మనిషిని పిలిస్తే రావడానికే 150 డాలర్లు అన్నారు. నేనే చూసుకోగలనా? (డెమోయిన్, అయోవా)

జ: చూసుకోగలరు, గంట పని. నేను వెళ్లిన ఇళ్లల్లో ఈ ఫిర్యాదు పదిలో ఏడుసార్లు రెండు మూడు చిన్న కారణాలకే వస్తుంది.

అన్నిటికన్నా ముందు ఫర్నేస్ పక్కన ఉన్న గుండ్రటి గొట్టం చూడండి. దాని మీద చిన్న పిడి, సమ్మర్ అని, వింటర్ అని రెండు గుర్తులు. వేసవిలో ఏసీ కోసం ఎవరో దాన్ని మూసి ఉంటారు, అక్టోబరులో తెరవడం మర్చిపోయి ఉంటారు. అది మూసి ఉంటే ఎన్ని నీళ్లు పోసినా గాలి దాని మీంచి పోదు. వింటర్ వైపు తిప్పండి. దీనికే పిలిపించి డబ్బులిచ్చినవాళ్లున్నారు, నాకు బాధనిపిస్తుంది.

తర్వాత ఫర్నేస్ స్విచ్ ఆఫ్ చేసి, హ్యుమిడిఫైయర్ మూత తీయండి. లోపల ప్లాస్టిక్ చట్రంలో తేనెతుట్టెలాంటి జాలీ ఉంటుంది, దాన్నే వాటర్ ప్యానెల్ అంటారు. చట్రం పైకెత్తి బయటికి లాగండి. కొత్తదైతే తేలిగ్గా ఉంటుంది, కళ్లెదురుగా పట్టుకుంటే వెలుతురు కనపడుతుంది. పాతదైతే బరువుగా, గవ్వలా తెల్లటి సున్నం పట్టి, వేలితో నొక్కితే పెళ్లలు రాలుతాయి. ఏడాదికోసారి, చలికాలం మొదలవకముందే మార్చాలి. పది నుంచి ఇరవై డాలర్లు. కొత్తది పెట్టేటప్పుడు కొన్నిటికి ఒక అంచున రంగు చుక్క ఉంటుంది, అది పైకి రావాలి.

ప్యానెల్ తీసే ఉన్నప్పుడు పైన నీళ్లు పడే సన్నటి గొట్టం కొన చూడండి. గుండుసూదంత రంధ్రం, అక్కడా సున్నం అడ్డుపడుతుంది. విప్పి వెనిగర్‌లో నానబెట్టండి. కింద డ్రెయిన్ గొట్టంలో ఒక గ్లాసుడు నీళ్లు పోసి గబగబా దిగుతున్నాయో లేదో చూడండి. అన్నీ బిగించి, థర్మోస్టాట్ నాలుగు డిగ్రీలు పెంచి ఫర్నేస్ వెలిగేట్టు చేసి, హ్యుమిడిస్టాట్ పూర్తిగా పైకి తిప్పండి. టక్ మని శబ్దం వినపడి ప్యానెల్ మీద నీరు జారితే అయిపోయినట్టే. శబ్దం వచ్చి నీరు రాకపోతే నీళ్ల పైపు మీది చిన్న కుళాయి కట్టేసి ఉంటుంది. శబ్దమే రాకపోతే వాల్వ్ కాయిల్ కాలిపోయి ఉండొచ్చు, అప్పుడు మనిషిని పిలవండి. పరీక్ష అయ్యాక అంకె మళ్లీ దించడం మర్చిపోకండి.

మీటరు మీద అనుమానం ఉంటే దాన్ని కూడా పరీక్ష చేయవచ్చు. సోడా సీసా మూతలో ఉప్పు నింపి, తడి ఇసుకలా అయ్యేంత వరకే నీటి చుక్కలు వేయండి. మూతనీ మీటరునీ కలిపి జిప్ సంచీలో పెట్టి గాలి పోకుండా మూసి, పన్నెండు గంటలు కదపకుండా ఉంచండి. తడి ఉప్పు పక్కన గాలి ఎప్పుడూ 75 శాతం దగ్గరే నిలుస్తుంది. మీ మీటరు 70 చూపిస్తే ఐదు తక్కువ చెప్తోందని అర్థం. నేను నా మీటర్లన్నిటికీ ఏటా అక్టోబరులో ఇలాగే చేస్తాను.

ప్ర: మేడమ్, అమ్మ వాయించిన బొబ్బిలి వీణ ఆగస్టులో కొలంబస్ తెచ్చుకున్నాను. డిసెంబరు చివర కుండ మీద సన్నటి గీత కనపడింది, పగులో మెరుగు చిట్లిందో తెలియడం లేదు. మెట్లు ఒకటి రెండు చోట్ల లేచినట్టున్నాయి. ఏం చేయను? (ఒక కూతురు)

జ: మీ ఉత్తరం చదివి రెండు రోజులు దాని గురించే ఆలోచించాను. ఒకే పనస మాను నుంచి తొలిచిన వీణ అది. అతుకు లేదు కాబట్టి కర్ర ముడుచుకుంటే సర్దుకునే చోటు కూడా లేదు. బొబ్బిలి గాలిలో ఉన్నప్పుడు ఆ కర్ర తన బరువులో నూటికి పదమూడు పద్నాలుగు పాళ్ల నీటితో ఉండి ఉంటుంది. మీ ఇంట్లో 20 శాతం తేమలో నెలల తరబడి ఉంటే అది నాలుగైదు పాళ్లకి దిగుతుంది. ఆ ముడుచుకోవడమే పగులు. మెట్లు కూర్చోబెట్టిన మైనం మేళం కూడా కర్ర కదిలితే వదులవుతుంది, వేడిగాలి తగిలితే మెత్తబడుతుంది.

ఇప్పుడే తొందరపడి తడిగుడ్డ కప్పకండి, ఒక్కసారిగా తడిపితే ఇంకా పగులుతుంది. వీణని వెంట్ (వేడిగాలి వచ్చే కంత) లేని, చిన్న, లోపలి గదిలోకి మార్చండి. బయటి గోడకి ఆనించవద్దు. పెట్టె ఉంటే పెట్టెలోనే ఉంచి, గిటార్ షాపుల్లో దొరికే తేమ పొట్లాలు వేయండి. తేమని ఇస్తాయి, ఎక్కువైతే పీల్చుకుంటాయి, 49 శాతం దగ్గర నిలబెట్టే రకం అడగండి. వీణ పెట్టె పెద్దది కాబట్టి ఆరేడు పడతాయి. పెట్టెలో చిన్న మీటరు పెట్టండి. ఆ ఒక్క గదిలో ఒత్తి హ్యుమిడిఫైయర్‌తో 35 నుంచి 40 ఉంచితే చాలు, ఇల్లంతా తడపక్కర్లేదు. తీగలు సగం శ్రుతి దించండి. ఆ గీత చివర పెన్సిల్‌తో చిన్న చుక్క పెట్టి తేదీ రాసుకోండి. నెల తర్వాత గీత చుక్క దాటితే అది పగులే. మేళం మాత్రం ఎవరికి పడితే వారికి ఇవ్వకండి, మైనం పని తెలిసిన చెయ్యే పట్టాలి. వేసవిలో ఊరు వెళ్తే వీణని వెంట తీసుకెళ్లి కట్టించుకు రండి. నెల అయ్యాక గీత సంగతి నాకు తప్పకుండా రాయండి.

ప్ర: మేము ఢిల్లీలో ఉంటున్నాం. ఆయిల్ రూమ్ హీటర్ గాలిని ఎండబెట్టదని షాపువాడు చెప్పాడు. మామూలు హీటర్ అయితే పక్కన నీళ్లు పెట్టాలంటారు. నిజమేనా? మాకు హ్యుమిడిఫైయర్ కావాలా?

జ: ఏ హీటరైనా ఒకటే. ఏదీ గాలిలో నీటిని తినదు, ఏదైనా గాలిని వేడి చేస్తుంది కాబట్టి శాతం తగ్గుతుంది. ఆయిల్ హీటర్ ఎర్రగా కాలదు, మొహానికి సెగ కొట్టదు, అందుకే అలా అనిపిస్తుంది. అసలు విషయం, ఢిల్లీ పొగమంచు రాత్రుల్లో బయట 10 డిగ్రీలున్నా గాలి దాదాపు నిండుగా ఉంటుంది. దాన్ని 22కి వేడి చేస్తే 40 శాతానికి పైనే. మీకు మిషన్ అక్కర్లేదు, పెదాలకి వెన్న రాసుకుంటే చాలు. ఆ డబ్బు గాలి శుభ్రం చేసే ప్యూరిఫైయర్‌కి పెట్టండి. హీటర్ ఏదైనా సరే, బొగ్గుల కుంపటి మాత్రం మూసిన గదిలో పెట్టుకుని పడుకోకండి, ప్రాణం పోతుంది.

హైదరాబాద్ నుంచి ఇదే అడిగిన ముగ్గురికీ జవాబు ఇదే, హీటర్ కూడా అక్కర్లేదు కాబట్టి ఇంకా సులువు.

ప్ర: ఎడిసన్‌లో మా కరివేపాకు మొక్క ఇంట్లోకి తెచ్చాక ఆకులు చాలావరకు రాల్చేసింది. రోజూ నీళ్లు చిలకరిస్తున్నాను. బతుకుతుందా?

జ: కాండం గోటితో గీకి చూడండి, లోపల పచ్చగా ఉంటే బతికే ఉంది. చలికాలంలో అది ఆకు రాల్చి పడుకుంటుంది. చిలకరించిన నీళ్లు పది నిమిషాల్లో ఆరిపోతాయి, వాటివల్ల గాలి మారదు. ఆకు అడుగున సన్నటి సాలెగూడు, ఎర్రటి నలకలు ఉన్నాయేమో చూడండి. ఎండిన గాలిలో ఆ పురుగు విపరీతంగా పెరుగుతుంది. ఉంటే బాత్‌టబ్‌లో పెట్టి ఆకుల అడుగు తడిసేలా షవర్‌తో కడగండి, వారం ఆగి మళ్లీ. వెంట్‌కి దూరంగా, దక్షిణం కిటికీ దగ్గర ఉంచండి. మట్టి రెండు అంగుళాల లోతున ఎండాకే నీళ్లు పోయండి. మాది కూడా ప్రస్తుతం ఒట్టి పుల్లే. ఏప్రిల్‌లో చిగురిస్తుంది.